యువరాజు మీద చాడీలు

"ఆ జర్మన్ యువరాజు ఎలాంటివాడురా?" అని పక్కనున్న నల్లటి మనిషి అడగగానే లెఫ్టినెంట్ అడల్బర్ట్ చేతిలో పార ఆగిపోయింది. ఆ యువరాజు తనే.

మాల్టా రేవులో యుద్ధనౌకకు బొగ్గు ఎక్కిస్తున్నారు. ఆ రోజు ఓడలో చిన్నా పెద్దా ఉండదు, అధికారులైనా చిరుగు బట్టలు కట్టి పార పట్టాల్సిందే. కాసేపటికి అందరి మొహాలూ ఒకటే నలుపు. ధూళి గొంతులోకి పోకుండా నోట్లో నూలు పీచు కుక్కుకుంటారు కనుక జర్మన్ యాసైనా ఇంగ్లిషు యాసైనా ఒకే ముద్దగా బయటికొస్తుంది. అడిగినవాడు కెప్టెన్ ఫాన్‌షా. తన మనుషుల మనసులో మాట తెలుసుకోవాలని ఆయన బొగ్గు రోజున మామూలు నావికుడిలా తిరుగుతాడు. మైనం రాసి మెలేసిన ఆ మీసం ఇంకెవరికీ లేదు కాబట్టి ఓడంతా ఆయన్ని గుర్తుపడుతుంది, పట్టనట్టు నటిస్తుంది. పాపం, ఆ సంగతి ఆయనకు తెలియదు.

అడల్బర్ట్‌కు ప్రాణం లేచొచ్చింది. సముద్రమే లేని చిన్న రాజ్యంలో పుట్టినవాడిని, చుట్టాల పలుకుబడితో తెచ్చి ఇంగ్లండు నౌకాదళంలో పడేశారు. ఆనాటి నుంచీ అల లేస్తే చాలు, అతని కడుపూ లేస్తుంది. రాజీనామా చేస్తే తండ్రి గడప తొక్కనివ్వడు. సాయంత్రం కెప్టెన్ రాసే నివేదికలో 'ఇతను ఓడకు పనికిరాడు, ఒడ్డున ఎక్కడైనా వేయండి' అని పడిందా, బతికిపోతాడు.

"వాడా? ఉత్త దండగ మనిషన్నా" అన్నాడు.

"అదేంట్రా, పని బాగానే చేస్తాడుగా?"

"నీకలా కనిపిస్తాడు. గాలి కాస్త గట్టిగా వీస్తే బాల్చీని కావలించుకు కూర్చుంటాడు. మొన్న తుఫానులో మోకాళ్ల మీద ఉంటే ప్రార్థన చేస్తున్నాడనుకున్నాం. వంగి చూస్తే కక్కుతున్నాడు."

"సముద్రం అందరికీ పడదులేరా, పాపం."

పాపం అన్నాడంటే మందు సరిపోలేదన్నమాట. అడల్బర్ట్ మోతాదు పెంచాడు.

"పాపమా? వాడి ఎత్తు వేరన్నా. మేనత్తల చేత చెప్పించుకుని లండన్‌లో మెత్తటి కుర్చీ కొట్టేద్దామని చూస్తున్నాడు. బొగ్గు మోసేది మనం, నీడపట్టున కూర్చునేది వాడు."

"నువ్వొక్కడివేనా ఇలా అనేది?"

"అందరూ అనుకుంటున్నారు. నేను బయటపడ్డానంతే."

కెప్టెన్ మీసం వణికింది. పార అక్కడే పారేసి చరచరా పైకి వెళ్లిపోయాడు. ఇక అడల్బర్ట్ హుషారు చెప్పనలవి కాదు. ఇద్దరి పనీ ఒక్కడే చేశాడు.

సాయంత్రం ఒళ్లు రుద్ది రుద్ది కడుక్కుని, తెల్ల యూనిఫాం వేసుకుని, మొహానికి కాస్త దిగులు పులుముకుని, కబురు రాగానే కెప్టెన్ గదికి వెళ్లాడు.

"లెఫ్టినెంట్, చెప్పడానికి నోరు రావడం లేదు. మీ గురించి కింద ఎవడో చాలా నీచంగా మాట్లాడాడు."

"నిజమే అయ్యుంటుంది సార్."

"అలా అనడం మీ మంచితనం." కెప్టెన్ లేచి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన కళ్లు చెమ్మగిల్లి ఉన్నాయి. "సముద్రం మీద మీ అవస్థ నేనెరగనా? లండన్ కార్యాలయంలో ఉద్యోగం మీకే ఇవ్వమని పొద్దున్నే రాసి పెట్టాను."

అడల్బర్ట్ దిగులు మొహం సంగతి మరిచిపోయి నవ్వేశాడు.

"ఇప్పుడు మీరు అక్కడికి వెళితే ఆ వాగుడంతా నిజమైపోతుంది. మీ పరువు నా పరువు కాదా? ఆ కాగితం చింపేసి, మిమ్మల్ని మూడేళ్లు చైనా సముద్రానికి వేయమని రాశాను. ఉన్నవాటిలో అన్నిటికంటే చిన్న ఓడ, చిన్న అలకే ఊగిపోయేది అడిగాను, ఇక చూద్దాం ఎవడు నోరెత్తుతాడో."