బల్ల దగ్గర చోటు

రొట్టె పళ్ళెం జక్కయ్య ముందు ఆగలేదు.

ఆయన కూతురు అక్సా దాని అంచు పట్టుకుని ఆపింది. పళ్ళెం పట్టుకున్న సంఘపెద్ద సదాశివరావు మెల్లగా విడిపించుకుని పక్క కుర్చీ దగ్గరికి నడిచాడు. చక్రాల కుర్చీలోని జక్కయ్య అది వెళ్ళినవైపే చూస్తూ ఉండిపోయాడు. అక్సా తనకిచ్చిన ముక్క నోట్లో పెట్టుకోలేదు. గుప్పిట్లోనే బిగించి పట్టుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కరు కూడా ఆమె ముఖంలోకి చూడలేదు.

గురుగ్రామ్‌లో ఓ స్కూలు హాలును ఆదివారాలు అద్దెకు తీసుకుని నడుస్తున్న తెలుగు క్రైస్తవ సంఘం అది. వచ్చేవాళ్ళలో సగంమంది ఆసుపత్రి నర్సులే. అక్సా కూడా నర్సే. ఆ ఉదయం డ్యూటీ దిగి నేరుగా ఇంటికెళ్ళి, తండ్రికి స్నానం చేయించి, గడ్డం గీసి, ఇస్త్రీ చొక్కా తొడిగి, క్యాబ్‌లో తీసుకొచ్చింది. ముక్కూ మొహం తెలీని డ్రైవరు దిగొచ్చి, ఆయన్ని ఎత్తి కూర్చోబెట్టి, చక్రాల కుర్చీ మడిచి డిక్కీలో పెట్టాడు. ఆ మాత్రం దయ ఇక్కడ దొరకలేదు.

ఆరాధన ముగిశాక ఆమె తండ్రి కుర్చీ తోసుకుంటూ హాలు వెనక గదిలోకి వెళ్ళింది. లోపల పాస్టర్ నథానియేలు, సదాశివరావు ఉన్నారు. తలుపు మూసింది.

"నాన్నను ఎందుకు దాటేశారు?"

నథానియేలు తల వంచుకున్నాడు. సదాశివరావే చెప్పాడు. కిందటి నెల పాస్టరుగారు ఇంటికి వచ్చినప్పుడు, యేసు ఎవరని జక్కయ్యను అడిగారు. ఆయన చాలాసేపు ఆలోచించి, "తెలీదు. మీ ఊరాయనా?" అన్నాడు. మూడుసార్లు అడిగినా అదే జవాబు. తన విశ్వాసాన్ని తన నోటితో ఒప్పుకోలేనివారికి ప్రభువు బల్లలో, అంటే ఆ రొట్టెలో, పాలు లేదని సంఘ నియమావళిలో ఉంది. మొన్న కమిటీ కూర్చుని నిర్ణయం చేసింది.

అక్సా ఆ నియమావళి ఎన్నడూ తెరిచి చూడలేదు. అది తయారైన రోజుల్లో తను గుంటూరులో నర్సింగ్ చదువుతోంది. తర్వాత ఇన్నేళ్ళలో అందులోని ఈ రూలు ఎవరి మీదా వాడగా చూడలేదు.

"ఆపరేషన్‌కి మత్తిచ్చి పడుకోబెట్టిన మనిషికి ఆ రెండు గంటలూ విశ్వాసం ఉండదా అంకుల్?"

"మత్తు దిగాక అడిగితే చెబుతాడు కదమ్మా."

"ఇది దిగని మత్తు. ఈ మతిమరపు నాన్న కోరి తెచ్చుకున్నాడా?"

సదాశివరావు గొంతు పెంచలేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో ఉండగా, ముప్పై రెండేళ్ళ వయసులో, ఇంటిల్లిపాదినీ ఎదిరించి బాప్తిస్మం తీసుకున్న మనిషి ఆయన. కన్నతల్లి చనిపోయేదాకా ఆయనతో మాట్లాడలేదు. అదంతా ఎవరో అప్పనంగా చేతిలో పెట్టింది కాదన్నాడు. దేవుడు చెయ్యి చాపుతాడు, పట్టుకోవలసింది మాత్రం మనిషేనన్నాడు. అలా కాదంటే తను పోగొట్టుకున్నవాటికి అర్థమేమిటన్నాడు. ఆ బోధ ఈ సంఘంలోనే విన్నానని, దాన్ని నమ్ముకునే బతికానని చెప్పాడు.

"ఠీక్ హై అంకుల్. పట్టుకోవలసింది మనిషే అనుకుందాం. వేళ్ళలో పట్టు పోయిన మనిషిని అవతలివాడు వదిలేస్తాడా? మా వార్డులో నేనే వదలను."

అలా అన్నా, ఓడించానన్న తృప్తి అక్సాకు కలగలేదు. ఆమె కూడా ఇంట్లో రోజూ మాత్రలిస్తూ యేసు ఎవరని తండ్రిని అదే ప్రశ్న అడిగేది. ఒకరోజు కోపం ఆపుకోలేక, చెప్పు నాన్నా అంటూ భుజాలు పట్టి కుదిపేసింది. ఆయన పసివాడిలా ఏడ్చాడు. ఆ రోజు ఆమె కోపం ఆయన మీద కాదు. విశ్వాసం దేవుడిచ్చేదే అయితే, ఇచ్చినవాడు మాటా పలుకూ లేకుండా ఎందుకు వెనక్కి తీసుకున్నట్టు? ఈ సంగతి ఎదురుగా ఉన్న ఇద్దరికీ ఆమె చెప్పలేదు.

నథానియేలు అప్పటికి నోరు విప్పాడు. "విశ్వాసం దేవుడిచ్చేదేనని, ఇచ్చింది తీసుకోడని నేను అనుకుంటానక్కా. కమిటీలో అదే చెప్పాను. నాది ఒక్క ఓటే."

"పళ్ళెం ఆపడానికి ఓటెందుకు? చెయ్యి చాలు."

అతను నియమావళిని కాదనే అధికారం తనకు లేదన్నాడు.

అది వినేసరికి అక్సా ఒళ్ళు మండిపోయింది. పొద్దుటి నుంచీ అణచుకున్నదంతా ఒక్కసారి నోటికొచ్చింది.

"ఆ రూలు రాసినవాడెవడో, వాడికీ ఇదే గతి పట్టాలి. కన్నకూతురి పేరు కూడా మర్చిపోవాలి. అప్పుడు వెళ్ళి అడగండి వాణ్ణి, యేసు ఎవరని."

సదాశివరావు కళ్ళజోడు తీసేశాడు. నథానియేలు "అక్కా" అని ఆగిపోయాడు. ఇద్దరూ ఆమె పక్కనున్న కుర్చీ వైపు చూశారు.

ఈ సంఘాన్ని మొదలుపెట్టి, ఆ రూలు స్వయంగా రాసి, దాని కింద మొదటి సంతకం పెట్టిన పాస్టర్ జక్కయ్య, కూతురి చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ ఆమెను చూసి నవ్వుతున్నాడు.