మంద వదిలిన జాగా

బంట్వారం శివారులో, కంది కోసిన చేనులో మల్లప్ప ఆ రాత్రికి మంద ఆపాడు. గొర్ల మధ్యే గొంగడి పరుచుకుని పడుకోవడం అతని అలవాటు. కాలి పుండుకు తాండూరులో వేయించుకున్న సూదులేవీ పనిచేయలేదు. జలుబు చేసినా, దెబ్బ తగిలినా గొర్లకేసే మందు సూదినే తన ఒంటికి ఎక్కించుకున్న మనిషి అతను. క్రిములు మందులకు మొండికేశాయని, వాటికి టీకా ఇంకా తయారీలోనే ఉందని డాక్టరు చెప్పాడు.

"గొర్లకైతే టీకాలేసిండ్రు. నాకెప్పుడేస్తరే?" అన్నాడు మల్లప్ప.

"నువ్వు గొర్రెవై పుడితే ఎప్పుడో ఏస్తుండిరి," అంది భార్య జంగమ్మ, పుండు కడుగుతూ. తుమ్మముల్లు గీసుకున్న ఆమె వేలు చురుక్కుమంది.

నడిరాత్రి గట్టు మీద ఆమెకు మెలకువ వచ్చింది. నెమరు వేస్తున్న చప్పుడు ఎక్కడా లేదు. వెన్నెల్లో మల్లప్ప చుట్టూ నేల గుండ్రంగా ఖాళీగా ఉంది. బతకని గొర్రె చుట్టూ మంద అట్లా జాగా వదలడం ఆమె చిన్నప్పటి నుంచీ చూసిందే.

"ఏందయ్యా, నిద్ర పట్టిందా?"

"పట్టింది. నువ్వే లేపితివి."

గొంతు మామూలుగానే ఉంది. గొర్లను మళ్లీ అతని దగ్గరికి తోలాలని జంగమ్మ మందలోకి దిగింది. తాను పాలు పట్టి పెంచిన గొర్రెను పిలిచి చేయి చాపింది. అది వచ్చి వేలు వాసన చూసింది. మెల్లగా వెనక్కి జరిగింది. దాని వెనకే మంద మొత్తం, చప్పుడు చేయకుండా, ఆమెకూ జాగా వదిలింది.