కింది స్వరం

టీవీలో, పాడితే మార్కులు వేసే పాటల ఆట పెట్టుకుని మావారు ఇసోజి పాడుతున్నారు. కింది స్వరం పాడమని తెర అడుగున గీతలు వచ్చినప్పుడల్లా గొంతు దిగక సున్నా పడుతోంది. "ఆట కొత్త కదండీ, ఇక చాలించండి" అన్నాను. మా గోడలు పల్చన. పక్కింటికి వినిపిస్తుందని నాకు ఒకటే దడ.

అంతలో తలుపు చప్పుడైంది. పక్కింటావిడ, కురమొచి గారు. గొడవకే వచ్చిందనుకుని, క్షమాపణకని ముందే కొనిపెట్టుకున్న బియ్యపు బిస్కట్ల డబ్బా చాపి నడుము దాకా వంగాను.

"ఇదెందుకు వదినగారూ? పాట విని ఉండబట్టలేక వచ్చాను" అంటూ ఆవిడ లోపలికి నడిచింది. "అన్నయ్యగారూ, గడ్డం గుండెకు ఆనించకండి. కింది స్వరానికి బలం పనికిరాదు. మైకు దగ్గరగా పెట్టుకుని, వేడినీళ్ళ తొట్టిలో దిగగానే 'హా' అంటామే, అలా వదిలెయ్యండి. అప్పటికీ అందకపోతే అదే స్వరం పై స్థాయిలో పాడెయ్యండి, ఈ మిషను ఒప్పుకుంటుంది. మా ఇంట్లోనూ ఉందిలెండి ఈ పిచ్చి."

"గట్టిగా పాడితే మీకు ఇబ్బంది కదమ్మా" అన్నారు మావారు.

"నాకా? వెనకటి రోజుల్లో మీరు స్నానం చేస్తూ పాడుతుంటే గోడకు చెవి ఆనించి వినేదాన్ని. మీరు మానేసి ముప్పై ఏళ్ళయింది. ఎందుకో ఇప్పటికీ తెలీదు."

మావారు నా వైపు తిరిగారు.

"పక్కింటావిడ తిడుతోందండీ" అని ఆనాడు చెప్పింది నేనే. ఎవరూ తిట్టలేదు. తిడతారేమోనని నా భయం.

ఆయన మళ్ళీ తెర వైపు తిరిగి, "హా" అని గొంతు వదిలారు. కింది గీత వెలిగింది.

డబ్బా ఇంకా నా చేతుల్లోనే ఉంది. దాన్ని పట్టుకుని ఆయన వీపు వైపు వంగాను.