తిరిగి సీసాలోకి

పలచన చేసిన రంగును తిరిగి సీసాలో పోస్తే సీసా మొత్తం పాడవుతుందని తెలిసీ నాన్న ఎందుకలా చేస్తాడు? ఏళ్లుగా నాకిదే ప్రశ్న.

మా డేటన్ ఊళ్లో బుల్లి నమూనాలు కట్టేవాళ్ల మోడల్ క్లబ్బులో ఇంకెవరైనా ఆ పని చేస్తే, "విరిగిన పాలు మంచి పాలల్లో కలుపుతావట్రా!" అని కసిరే మనిషి.

నా తమ్ముడు రస్ ఏ హెలికాప్టర్ కూలి చనిపోయాడో, దానికే నాన్న బుల్లి నమూనా కట్టాడు. ఆకుపచ్చ రంగు పలచన చేస్తాడు, రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ చేతిలోకి తీసుకుంటాడు, ఆగిపోతాడు. రంగంతా మళ్లీ సీసాలో పోసేస్తాడు.

నిన్న మూత తీస్తే రంగు ముద్దలు కట్టి ఉంది.

"మళ్లీ పాడుచేశావా నాన్నా! కొత్తది తెచ్చానులే," అన్నాను.

"తొందరేముందే పిచ్చిదానా! రంగేస్తే పని పూర్తవుతుంది. పూర్తయితే వాడు అందులో ఎక్కేస్తాడు."

కొత్త సీసా ఇంకా నా సంచిలోనే ఉంది. నాన్న బల్లమీద పెట్టాలో వద్దో తేల్చుకోలేకపోతున్నాను.