తేలిన ముక్క, మునిగిన ముక్క

“నాలుగేళ్లయింది నా నాలిక మీద తీపి పడి! అబద్ధమైతే ఈ మీసం తీయించేసుకుంటా!”

బ్రహ్మయ్య గర్జనకి జర్మనీలో, బ్రెమెన్‌లోని ఆ మూడో అంతస్తు వంటింట్లో చెంచాలు గలగలమన్నాయి. కింద వీధిలో ట్రామ్ కూడా ఒక్క క్షణం ఆగిందంటారు. కూతురు ఉదయశ్రీ ఇంట్లో టీ బల్ల దగ్గర పంచాయితీ అది. బల్ల మీద గాజుగిన్నె నిండా పటికబెల్లం పలుకులు. అక్కడివాళ్లు టీలో వేసుకునేవి.

“మరి ఆ కుడిబుగ్గ ఏంటండీ, ఉసిరికాయ దాచుకున్నట్టు?” అంది భార్య వెంకటరమణమ్మ. “షుగరు మూడొందలు దాటినా బుద్ధి రాకపోతే ఎలా? నోరు తెరవండి.”

“తెరవను.”

“అల్లుడుగారు వచ్చాక ఆయన ముందు తెరిపిస్తే బాగోదు. ఇప్పుడే తెరవండి.”

తెరిచాడు. పలుకుని లాగేద్దామని రమణమ్మ వేలు పెట్టింది. పలుకేదీ తగల్లేదు. బుగ్గ లోపలి పొర కింద మెత్తగా, జున్నుముక్కలాంటిదేదో వేలికింద జారింది. ఆవిడ చెయ్యి వెనక్కి తీసేసుకుంది. కోపం ఎటు పోయిందో పోయింది.

“ఏవండీ... ఇది గడ్డ.”

“చెప్పానా తీపి కాదని!” అంటూ బ్రహ్మయ్య మీసం మెలేశాడు. గెలిచిన సంబరం సగంలో ఉండగా ఆ మాట ఆయన చెవికెక్కింది. ముప్పయ్యేళ్లు చుట్ట కాల్చిన నోరది. మీసం మీది చెయ్యి మెల్లగా కిందికి జారింది.

ఉదయశ్రీ ఫోన్ల మీద ఫోన్లు చేసింది. “అమ్మా, డాక్టరు అపాయింట్‌మెంటు దొరికింది! ఎవరో కాన్సిల్ చేసుకున్నారంట, గురువారమే.”

గురువారం దాకా ఆ ఇంట్లో ఎవరూ పంచదార మాటెత్తలేదు. రమణమ్మ దేవుడి పటం ముందు నిలబడి, “గడ్డ మంచిదైతే చాలు స్వామీ, నా చేత్తో ఆయనకి సున్నుండలు చేసి పెడతాను,” అని మొక్కుకుంది. పక్కగదిలో బ్రహ్మయ్యకి అది వినబడింది. అంత భయంలోనూ నోరూరింది.

డాక్టర్ యాన్సెన్ గుమ్మం ఎత్తున్న ఆడమనిషి. బుగ్గని లోపల ఒక వేలు, బయట ఒక వేలు పెట్టి ఒత్తి చూసింది. స్కాన్ తీసింది. ఆవిడ జర్మన్‌లో చెబుతుంటే ఉదయశ్రీ తెలుగు చేసింది.

“కొవ్వుగడ్డలాగుంది అంటున్నారు నాన్నా. లైపోమా. ఒంటి మీద మామూలేగానీ, నోట్లో రావడం అరుదంట. మత్తు సూదేసి చిన్న కోత కోసి తీసేస్తారంట. తీసి చూశాకే గట్టిగా చెబుతారంట. షుగరు మాత్రం అదుపులో ఉండాలంట.”

“అరుదంటనా?” బ్రహ్మయ్య కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. “విన్నావా రమణా? ఊరందరికీ వచ్చే రోగాలు మనకెందుకొస్తాయి!”

షుగరు దిగేదాకా రమణమ్మ కాకరకాయతో కాపలా కాసింది. కోత రోజు రానే వచ్చింది. సూది పడింది, బుగ్గ మొద్దుబారింది, కత్తి ఎప్పుడు తగిలిందో ఆయనకి తెలియనే లేదు. కుట్లు వేశాక డాక్టరు తల్లీకూతుళ్లని లోపలికి పిలిచింది. పసుపుపచ్చని గుండ్రటి ముక్కని చిమటాతో పట్టి, ల్యాబుకి పంపే మందునీళ్ల సీసాలో వేసింది. తల్లీకూతుళ్లు సీసా మీదికి వంగారు. ముక్క బుడుంగున మునిగి, పైకొచ్చి, చారు మీద నేతిచుక్కలా తేలింది.

“తేలిందమ్మా! కొవ్వు కాబట్టే తేలిందంట! ల్యాబువాళ్లు కూడా చెప్పాలిగానీ, భయపడేదేం లేదంట!”

రమణమ్మ పక్కనున్న నర్సుని కావలించుకుంది. తర్వాత డాక్టర్ని. ఆవిడ నడుము దాకానే అందింది. “అనవసరంగా అనుమానపడ్డానండీ మిమ్మల్ని. ఇవాళే చేస్తా సున్నుండలు!” అని భర్త వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.

బ్రహ్మయ్య మూతి బిగించి తలూపాడు. కుట్ల నొప్పి కాబోలనుకుని డాక్టరు మళ్లీ లైటు దగ్గరికి లాగి నోరు తెరిపించింది. ఆవిడ నవ్వు ఆగిపోయింది. ఎడమబుగ్గలో ఇంకొకటి. గట్టిగా ఉంది. ఇందాక లేదు.

“స్వామీ!” అంది రమణమ్మ.

డాక్టరు చిమటా పెట్టింది. కత్తితో పని లేకుండానే అది బయటికొచ్చేసింది. పుక్కిలించే గాజుగ్లాసు నీళ్లలో వేస్తే టింగుమంటూ అడుగుకి పోయింది. “ఇది తేలలేదేంటే?” అంది రమణమ్మ ఏడుపు గొంతుతో. డాక్టరు గ్లాసుని వెలుతురుకి ఎత్తిపట్టి చూసి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టింది.

“ఏమంటోందే ఆవిడ?”

ఉదయశ్రీకి నవ్వాగితే కదా. “వాళ్ల అమ్మమ్మ టీలో ఇదే వేసేదంట. ఇన్నేళ్లలో చాలా గడ్డలు తీసిందంటగానీ, నీళ్లలో కరిగే గడ్డ ఇదే మొదటిదంట!”

“తేలిందన్న సంతోషంలో... ఒక్క పలుకు... జేబులో ఉంటేనూ...” వంకర పోయిన మూతితో నసిగాడు బ్రహ్మయ్య.

రమణమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. “ఉదయా, మీసం కూడా ఇక్కడే తీస్తారేమో అడగవే. మత్తు ఎలాగూ ఇచ్చారుగా.”

వారానికి ల్యాబు వాళ్లూ అదే మాట చెప్పారు, ఒట్టి కొవ్వేనని. మొక్కు మొక్కే గనక రమణమ్మ సున్నుండలు చేసింది. దేవుడికి పెట్టి, అల్లుడికి పెట్టి, ఈయనకి మాత్రం శనగగింజంత చిదిపి పెట్టింది. మీసం లేని బ్రహ్మయ్య ఆ శనగగింజని గంటసేపు తిన్నాడు.

ఇదంతా జరిగింది జరిగినట్టే చెప్పాను. కల్పించింది ఒక్కటే, జేబులో ఒక్క పలుకే ఉందనడం. ఉన్నవి రెండు. రెండోదాన్ని ఆ చిమటా వచ్చేలోగా మింగేశాను.