గగ్గోలమ్మ సభ్యత్వం

ఒక సరస్సు ఒడ్డున గగ్గోలమ్మ అనే తీతువు పిట్ట ఉండేది. నక్క అలికిడి వినగానే అరిచి అందరినీ లేపడం ఆమె పని. ఒక చలికాలం ఏడు దేశాల నుంచి వలస పక్షులొచ్చి అక్కడ ప్రపంచ హెచ్చరిక పక్షుల సంఘం పెట్టి, ఆమెనూ సభ్యురాలిగా చేర్చుకున్నాయి. ఇక గగ్గోలమ్మ కాళ్లు నేల మీద నిలిస్తే ఒట్టు!

తొలి సభలోనే పెద్ద చర్చ లేచింది. ప్రమాదం వస్తే ప్రపంచమంతా ఏమని అరవాలి?

"హాంక్ అనాలి," అన్నాడు సంఘాధ్యక్షుడైన బాతు.

"క్రూ అంటేనే హుందాగా ఉంటుంది," అంది చలిదేశపు కొంగ.

అంతలో గగ్గోలమ్మకు తుంగలో నక్క తోక కనబడింది. "అయ్యా..." అంది.

"మీ వంతు పదకొండోది. వంతు తప్పి అరిస్తే సభ్యత్వం రద్దు!" అని బాతు కసిరాడు.

ఆమె నోరు నొక్కుకుంది. ఎంత ముచ్చటపడి చేరింది! కానీ నక్క దూకబోతుంటే ఇక ఆగలేకపోయింది.

"టిట్టిటీ! టిట్టిటిటీ!"

సభ మొత్తం ఒక్క ఊపున గాల్లోకి లేచింది. నక్క నోటికి అధ్యక్షుడి తోక ఈక ఒక్కటే దక్కింది.

అందరూ నీటి నడుమ ఇసకదిబ్బ మీద వాలారు.

"నియమం తప్పాను. నన్ను తీసెయ్యండి," అంది గగ్గోలమ్మ తల వంచుకుని.

"అది సరే గానీ, ఆ కేక ఏ భాషో అడక్కుండానే అధ్యక్షులవారు ఎగిరారే!" అంది కొంగ.

బాతు ఈక ఊడిన తన తోక చూసుకుని పగలబడి నవ్వాడు. "తీర్మానం! ప్రపంచమంతా ఇదే అరవాలి. ఏదీ, ఇంకోసారి అనమ్మా!"

ఆమె అంది. ఏడు దేశాలూ గొంతెత్తాయి. ఒక్కరికీ సరిగ్గా పలకడం రాలేదు, ఒక్కరూ ఆపలేదు. గగ్గోలమ్మ నవ్వీ నవ్వీ ఇసకలో దొర్లింది.