టపా బంట్రోతు పెళ్ళి

టపా సంచి అమలాపురం కచేరీలో పడేసి, బంట్రోతు బంగారయ్య తన పెళ్ళికి పరుగెత్తాడు. వచ్చేసరికి పందిట్లో విస్తళ్ళు వేస్తున్నారు.

"రేవులో పడవ కదల్లేదే అమ్మా! ముహూర్తం దాటిపోయిందా?"

తల్లి ముఖం తిప్పుకుంది. "దాటనిత్తామేంట్రా? పీటలమీద నీ తమ్ముణ్ణి కూచోబెట్టేం."

"దొరల సంచయితే వేళకి చేరుద్ది మరి!" మేనమామ విస్తరి ముందు కూర్చుని నవ్వాడు. పంక్తంతా నవ్వింది.

బంగారయ్య పందిరి రాట పట్టుకున్నాడు. ఊపిరి అందడంలేదు.

అప్పుడు నూకాలు నీళ్ళచెంబు తెచ్చింది. మేనమామ కూతురు; నిన్నటిదాకా "ఒరే బావా" అంటూ గట్లమీద అతనితో పందెం వేసి పరుగెత్తిన పిల్ల.

పమిట నిండుగా కప్పుకుని, తల వంచి, "నీళ్ళు తాగండి, బావగారూ" అంది.